రెండు రిసోర్సులా, ఇద్దరు రిసోర్సులా?: సైబరాబాద్ తెలుగులో నిత్యవ్యవహార ఆంగ్లపదాల అర్థవిపరిణామం

వ్యాససంగ్రహం:

హైటెక్ సిటీ, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ ప్రాంతాల సాఫ్ట్‌వేర్ ఉద్యోగుల తెలుగులో వినిపించే ఆంగ్లపదాల్లో చాలా భాగం కఠినమైన సాంకేతికపదాలు కావు. బెంచ్, టికెట్, నోటీస్, రిలీజ్, కాల్ వంటి చిన్న మాటలవి. వీటికి ఆంగ్లనిఘంటువు చెప్పే అర్థం ఒకటి, తెలుగు ఊళ్లలో స్థిరపడిన అర్థం మరొకటి, ఐటీ కారిడార్‌లో చెల్లే అర్థం ఇంకొకటి. ఈ భేదాలను అర్థవిపరిణామ సూత్రాల వెలుగులో పరిశీలించడం, ఆ పదాలు మరుగుపరిచే ఉద్యోగసంబంధాన్ని తెలుగు వ్యాకరణం ఎలా బయటపెడుతుందో చూపడం, ఈ పదజాలాన్ని వృత్తిపదకోశ సంప్రదాయంలో నమోదు చేయవలసిన అవసరాన్ని నిరూపించడం ఈ వ్యాసం లక్ష్యాలు. కారిడార్ సంభాషణల్లో ఎవరైనా వినగల ప్రసిద్ధ వాడుకలే దీనికి ఆకరం. ఇది గణాంక సర్వే కాదు.

కీలక పదాలు: అర్థవిపరిణామం, అన్యదేశ్యాలు, వృత్తిపదాలు, మహదమహద్వివక్ష, మృదూక్తి, సైబరాబాద్ తెలుగు.

1. ఉపోద్ఘాతం:

తెలుగులో ఆంగ్లపదాల గురించి జరిగే చర్చ సాధారణంగా రెండు దారుల్లో నడుస్తుంది. భాష కలుషితమవుతోందన్న ఆవేదన ఒకటి. అన్యభాషాపదాలను కలుపుకొనడం జీవభాషకు సహజమన్న సమర్థన రెండవది. ఈ రెండు వాదాలకూ ఒక సామాన్యలక్షణం ఉంది. రెండూ ఎన్ని పదాలు వచ్చాయని లెక్క చూస్తాయి గాని, వచ్చిన పదానికి ఇక్కడ ఏ అర్థం ఏర్పడిందని అడగవు. అందువల్ల ఆంగ్లపదం తెలుగు వాక్యంలోకి తన సొంత అర్థంతోనే వచ్చి కూర్చుంటుందన్న అపోహ ఇరుపక్షాల్లోనూ మిగిలిపోయింది.

ఈ అపోహను పరీక్షించడానికి సైబరాబాద్ కంటే అనువైన ప్రాంతం తెలుగునేల మీద లేదు. 1998 నవంబరు 22న నాటి ప్రధాని అటల్ బిహారీ వాజ్‌పేయి మాదాపూర్‌లో సైబర్ టవర్స్‌ను ప్రారంభించారు. ఆ తరువాతి పాతికేళ్లకు పైబడిన కాలంలో అన్ని జిల్లాల మాండలికాలవారూ ఒకే వృత్తిలో, ఒకే ఆవరణలో కలిసి పనిచేసే పరిస్థితి ఏర్పడింది. ఈ ప్రాంతం పేర్లలోనే అర్థవిపరిణామం కనిపిస్తుంది. 'హైటెక్ సిటీ' అన్నది హైదరాబాద్ ఇన్ఫర్మేషన్ టెక్నాలజీ అండ్ ఇంజనీరింగ్ కన్సల్టెన్సీ సిటీ అనే పొడవైన పేరుకు సంక్షిప్తరూపం. వ్యవహర్తలు దాన్ని సంక్షిప్తరూపంగా కాక 'హైటెక్' అనే విశేషణంగానే గ్రహించారు. ఆ విశేషణం ఆర్టీసీ 'హైటెక్ బస్సు' మొదలుకొని పత్రికల్లోని 'హైటెక్ మోసం' వరకు వ్యాపించి, ఖరీదైనది, నాజూకైనది అనే అర్థాలను సంపాదించింది. 'సైబరాబాద్' పేరులో ఆంగ్లభాగానికి పారసీక 'ఆబాద్' అతుక్కుంది. 2003లో అది పోలీసు కమిషనరేట్ పేరుగా అధికారికం కూడా అయింది.

2. పాత అరువులు – గ్లాసు, చెంబు:

కారిడార్ పదాలను చూసేముందు, ఆంగ్లపదాలకు తెలుగు కొత్త అర్థాలివ్వడం నిన్నమొన్నటి పరిణామం కాదని గుర్తుంచుకోవాలి. ఆంగ్లంలో 'రైల్' అంటే ఇనుప పట్టా, తెలుగులో 'రైలు' ఆ పట్టాల మీద నడిచే బండి. ఆంగ్లంలో 'హోటల్' ప్రధానంగా బస చేసే చోటు, తెలుగులో 'హోటలు' ముందుగా భోజనం, టిఫిన్ దొరికే చోటు. 'కరెంటు' విద్యుత్తు. 'కవరు' మొదట ఉత్తరం పెట్టేది, తరువాత కూరగాయలు తెచ్చే ప్లాస్టిక్ సంచి.

వీటిలో 'గ్లాసు' ప్రత్యేకంగా గమనించదగింది. ఆ మాట మూలంలో గాజు అనే పదార్థానికి పేరు, తరువాత గాజుతో చేసిన పాత్రకు పేరు. తెలుగులో పదార్థంతో సంబంధం పూర్తిగా తెగిపోయి 'స్టీలు గ్లాసు', 'వెండి గ్లాసు' అనే ప్రయోగాలు సహజమయ్యాయి. అర్థవ్యాకోచానికి పాఠ్యగ్రంథాలు చూపే 'చెంబు' నడిచిన దారి కూడా ఇదే. రాగితో చేసిన పాత్రను చెప్పిన మాట ఏ లోహపు పాత్రకైనా చెల్లి 'ఇత్తడి చెంబు', 'స్టీలు చెంబు' ఏర్పడ్డాయి. దేశ్యపదానికి వర్తించిన సూత్రమే అన్యదేశ్యానికీ వర్తించిందన్నమాట. పదం ఎక్కడినుంచి వచ్చినా, అర్థం మారే తీరును స్వీకరించిన సమాజ వ్యవహారమే నిర్ణయిస్తుంది. ఇక పరిశీలించవలసినది సైబరాబాద్ సమాజం ఏ అవసరాల కోసం ఏ అర్థాలను మార్చుకున్నదన్న విషయమే.

3. బెంచి – బెంచ్: జంటరూపాలు:

కారిడార్ పదాల్లో కొన్ని తెలుగుకు రెండోసారి వచ్చినవి. 'బెంచి' అనే అజంతరూపం బడి ద్వారా ఎప్పుడో వచ్చింది. అది కూర్చునే బల్ల. 'బెంచీ ఎక్కించడం' పిల్లవాడికి వేసే శిక్ష. న్యాయస్థాన వార్తల్లో దానికి 'ధర్మాసనం' అనే అనువాదం కూడా కుదిరింది. కారిడార్‌లోని 'బెంచ్' హలంతం. ఆటల్లో అదనపు క్రీడాకారులు కూర్చునే బల్ల నుంచి లక్షణ ద్వారా ఏర్పడిన ఆంగ్ల వ్యాపారప్రయోగం అది. ఉద్యోగం ఉండి, జీతం వస్తూ, చేతిలో ప్రాజెక్టు లేని స్థితిని చెబుతుంది.

ఇలాంటి జంటలు ఇంకా ఉన్నాయి. 'నోటీసు' కోర్టు నుంచో బ్యాంకు నుంచో వచ్చే భయకారణమైన కాగితం, 'నోటీస్‌లో ఉన్నాడు' అంటే రాజీనామా ఇచ్చి గడువుకాలం పూర్తిచేస్తున్నాడని. 'టికెట్టు' బస్సుకూ సినిమాకూ కొనేది, ఎన్నికల్లో పార్టీ ఇచ్చేది. 'టికెట్' సమస్యను నమోదు చేసిన చీటీ. 'బాండు' ఊళ్లో అప్పుకూ అమ్మకానికీ రాసే స్టాంపు కాగితం, 'బాండ్' ఇంతకాలం సంస్థ వదలనని ఉద్యోగి ఇచ్చే ఒప్పుదల. ఉచ్చారణలో ఈ భేదం అన్నివేళలా నిలవకపోవచ్చు గాని, పాత అర్థంలో అజంతరూపం, కొత్త అర్థంలో హలంతరూపం వైపు మొగ్గు స్పష్టంగా ఉంది.

సంప్రదాయ వ్యాకరణ పరిభాషను ఉపమానంగా తీసుకుంటే, మొదటి రూపాలు తద్భవాల వంటివి, రెండోవి తత్సమాల వంటివి. 'శ్రీ', 'సిరి' ఒకే మూలం నుంచి వచ్చినా గౌరవవాచకంగా ఒకటి, సంపదవాచకంగా మరొకటి స్థిరపడినట్లే, 'బెంచి', 'బెంచ్' రెండూ భాషలో నిలిచి పని పంచుకున్నాయి. విద్యావంతుల ఉచ్చారణ శుద్ధి కావడం వల్ల మాత్రమే 'బెంచ్' వచ్చిందనుకుంటే ఈ అర్థవిభజన కనిపించకుండా పోతుంది.

దీనికి సామాజికఫలితం కూడా ఉంది. 'బెంచ్‌లో ఉన్నాను', 'నోటీస్‌లో ఉన్నాను' అని కొడుకు చెప్పే మాటలు ఊళ్లోని తల్లిదండ్రులకు తెలియని మాటలు కావు. తెలిసిన మాటలే మరో అర్థంతో వినిపిస్తున్నాయి. తెలియని పదమైతే వినేవారు అర్థం అడుగుతారు, తెలిసిన పదమైతే అర్థమైందనే అనుకుంటారు. కొత్త సాంకేతికపదాల కంటే పాత చిన్న మాటలే అపార్థానికి ఎక్కువ చోటివ్వడానికి కారణం ఇదే.

4. ఇంట్లో సాఫ్ట్‌వేర్, ఆఫీసులో రిసోర్స్:

'మా అల్లుడు సాఫ్ట్‌వేర్' అన్నది ఈనాడు సర్వసాధారణమైన వాక్యం. ఆంగ్లంలో ఈ వాక్యం కుదరదు, ఆ భాషలో సాఫ్ట్‌వేర్ వస్తువే. తెలుగు దాన్ని వృత్తికీ, వృత్తి నుంచి వ్యక్తికీ సంక్రమింపజేసింది. 'సాఫ్ట్‌వేర్ సంబంధం', 'ఇద్దరూ సాఫ్ట్‌వేరే' వంటి ప్రయోగాల్లో అమహద్వాచకం మనిషిని చెప్పే మాటగా ఎదిగింది. దీనికి అర్థోత్కర్ష కూడా తోడైంది.

అదే అల్లుడు కార్యాలయంలో 'రిసోర్స్'. వనరు అనే అర్థం గల ఆంగ్లపదం, సంస్థల పరిపాలన పరిభాషలో, ప్రాజెక్టుకు కేటాయించే ఉద్యోగిని చెబుతుంది. ఇక్కడ మార్పు ఎదురుదిశలో జరిగింది. ఇంటి తెలుగు వస్తువును మనిషిని చేసింది, ఆఫీసు ఆంగ్లం మనిషిని వస్తువును చేసింది. సైబరాబాద్ తెలుగు ఈ రెండు మార్పులనూ ఒకే నోట మోస్తున్నది.

ఈ విషయంలో ఆంగ్లం దాచగలిగినదాన్ని తెలుగు దాచలేదు. ఆంగ్లంలో సంఖ్యావాచకం మనిషికీ వస్తువుకూ ఒకటే. తెలుగులో మనుషులకు ఇద్దరు, ముగ్గురు, వస్తువులకు రెండు, మూడు. కాబట్టి 'రిసోర్స్' అనే మాటను లెక్కపెట్టిన ప్రతిసారీ తెలుగు వ్యవహర్త ఒక నిర్ణయం తీసుకోక తప్పదు. 'ఇంకా ఇద్దరు రిసోర్సులు కావాలి', 'వచ్చే నెల రెండు రిసోర్సులు రిలీజ్ అవుతాయి' అనే రెండు తీర్లూ వినబడేవే. క్రియలోనూ ఇదే పరీక్ష ఎదురవుతుంది. ఏకవచనంలో 'ఒక రిసోర్స్ వెళ్లిపోయింది' అంటే వెళ్లినది స్త్రీ కావచ్చు, వస్తువు కావచ్చు. తెలుగు ఏకవచన క్రియ ఆ రెంటికీ ఒకటే. బహువచనంలో ఆ ముసుగు తొలగుతుంది, 'వెళ్లారు' అనాలి లేదా 'వెళ్లాయి' అనాలి. మహదమహద్వివక్ష వ్యాకరణపాఠంలో ఒక సూత్రంగానే కనిపించవచ్చు. ఇక్కడ మాత్రం అది మనిషిని మనిషిగా లెక్కించారా లేదా అన్న ప్రశ్నకు సాక్ష్యమవుతుంది.

ఎవరు ఎప్పుడు 'ఇద్దరు' అంటారు, ఎప్పుడు 'రెండు' అంటారు అన్నది క్షేత్రపరిశోధనకు అనువైన ప్రశ్న. పక్కన కూర్చుని పనిచేసే, పేరు తెలిసిన వ్యక్తులైతే 'ఇద్దరు', కాగితం మీద కేటాయింపుగా మాత్రమే కనిపించేవారైతే 'రెండు' అనే ధోరణి ఉండవచ్చునన్నది ఇక్కడి పరికల్పన. దాన్ని సంభాషణల రికార్డుల ఆధారంగా నిర్ధారించవచ్చు, ఖండించనూ వచ్చు.

పాత తెలుగు ఉద్యోగభాషతో పోలిస్తే ఈ మార్పు తీవ్రత అర్థమవుతుంది. ప్రభుత్వోద్యోగ పరిభాషలో 'రెండు పోస్టులు ఖాళీ', 'ఇద్దరు ఉద్యోగులు చేరారు' అంటారు. పోస్టు వస్తువు, ఉద్యోగి మనిషి. మనిషి వెళ్లినా పోస్టు మిగులుతుంది. 'రిసోర్స్' ఈ రెంటినీ ఒకటి చేసింది, అందువల్ల పోస్టు రద్దు కావడం, మనిషి పోవడం ఒకే మాటలో జరిగిపోతాయి. అలాగని తెలుగు ఎన్నడూ మనిషిని పనిముట్టుతో చెప్పలేదనడం సత్యం కాదు. 'రేపు నాలుగు అరకలు కావాలి' అన్నప్పుడు ఎద్దులతోపాటు అరక తోలే మనుషులూ ఆ లెక్కలో ఉన్నారు. అయితే ఆ అరక ఎవరిదో ఊరందరికీ తెలుసు. పేరు తెలిసినవారి మధ్య వాడిన లక్షణకూ, పేరు అవసరం లేని చోట వాడే లక్షణకూ రూపం ఒకటే అయినా ప్రయోజనం ఒకటి కాదు.

5. కొట్టడం, పడడం, అవడం – క్రియలు చెప్పే కథ:

ఆంగ్ల నామవాచకం తెలుగు వాక్యంలోకి వచ్చినప్పుడు దానికి క్రియను తెలుగే ఇస్తుంది. సకర్మకానికి 'చేయు', అకర్మకానికి 'అవు' చేరుతాయన్నది సామాన్యసూత్రం. 'కోడ్ డిప్లాయ్ చేశాను', 'కోడ్ డిప్లాయ్ అయింది' ఇందుకు ఉదాహరణలు. దీన్ని దాటి కొట్టు, పడు, పెట్టు వంటి దేశ్యక్రియలు చేరినచోట అర్థం మరింత సూక్ష్మమవుతుంది.

'జాబ్ కొట్టాడు', 'ఆఫర్ కొట్టాడు' అన్న వాక్యాల్లో కర్త ఉద్యోగార్థి. అది అతని గెలుపు. ఉద్యోగంలో చేరాక క్రియ మారుతుంది. 'టికెట్ పడింది', 'జీతం పడింది', 'హైక్ పడింది'. ఇక్కడ ఇచ్చేవాడు కనబడడు. వాన పడినట్లు, జరిమానా పడినట్లు జీతం కూడా పడుతుంది. దీనికి బ్యాంకు ఖాతాల వ్యవస్థ ఒక కారణం. పల్లెల్లో 'పింఛను పడిందా', 'రైతుబంధు పడిందా' అన్న ప్రశ్నలూ ఇలాంటివే. అయినా 'జీతమిచ్చారు' అన్న వాక్యంలో ఉన్న ఇచ్చినవారు, అడగదగినవారు 'జీతం పడింది' అన్న వాక్యంలో లేరన్నది వాస్తవం.

ఉద్యోగం పోయే ఘట్టంలో ఈ కర్తృలోపం సంపూర్ణమవుతుంది. 'లేఆఫ్ చేశారు' అనడానికి వీలున్నా 'లేఆఫ్ అయ్యాడు' అనడం పరిపాటి. రావడం కొట్టడం, పోవడం అవడం. ప్రవేశించేటప్పుడు ఉద్యోగి కర్త, నిష్క్రమించేటప్పుడు కర్తే లేడు. ఇందులో తప్పంతా ఆంగ్లానిది కాదు. 'ఉద్యోగం ఊడింది' అన్న తెలుగు వాక్యంలోనూ కర్త లేడు. కాని తెలుగులో దానికి సరిజోడుగా 'పీకేశారు' అన్న సకర్మకవాక్యం నిలిచి ఉంది. మొరటుగా వినిపించే ఆ మాట, చేసినవారున్నారన్న సత్యాన్ని వదలదు.

'పెట్టు' మరో రకమైన సూక్ష్మతను చూపుతుంది. 'మూడేళ్ల ఎక్స్‌పీరియన్స్ ఉంది' అంటే నిజంగా పనిచేశాడని. 'మూడేళ్లు ఎక్స్‌పీరియన్స్ పెట్టాడు' అంటే దరఖాస్తులో లేని అనుభవాన్ని చూపాడని. నామవాచకం మారలేదు, క్రియ మారగానే నిజం అబద్ధమైంది. అమీర్‌పేట శిక్షణాకేంద్రాల చుట్టూ తిరిగిన ఏ అభ్యర్థికైనా ఈ భేదం తెలుసు, ఏ నిఘంటువుకూ తెలియదు.

6. మృదూక్తి ఎవరికి మృదువు?

అశుభాన్ని శుభంగా చెప్పడం తెలుగుకు పాత అలవాటు. 'బియ్యం నిండుకున్నాయి', 'దీపం కొండెక్కింది' అనేవి పాఠ్యగ్రంథాల్లోని ప్రసిద్ధ ఉదాహరణలు. ఈ మృదూక్తుల్లో చెప్పేవారికీ వినేవారికీ అసలు విషయం సమానంగా తెలుసు. ఇంట్లో బియ్యం లేవన్న సత్యాన్ని ఆ మాట ఎవరి నుంచీ దాచదు, దాని కటుత్వాన్ని ఇద్దరికీ తగ్గిస్తుంది. కారిడార్ మృదూక్తులు ఈ లక్షణానికి భిన్నమైనవి.

'రిలీజ్' తెలుగులో ఆనందవాచకంగా ఉన్న మాట. సినిమా రిలీజ్ పండుగ, జైలు నుంచి రిలీజ్ విముక్తి. కారిడార్‌లో సాఫ్ట్‌వేర్ కొత్త రూపం బయటికి రావడం రిలీజ్, ఉద్యోగిని ప్రాజెక్టు నుంచి తప్పించడమూ రిలీజే. రెండో అర్థంలో విముక్తి పొందినది ప్రాజెక్టు ఖర్చు. మనిషి బెంచ్ అనే అనిశ్చితిలోకి వెళతాడు.

'అబ్‌స్కాండ్' దీనికి ఎదురు ఉదాహరణ. చట్టపరిభాషలో అరెస్టు తప్పించుకొని తిరిగేవాడికి వాడే మాట అది. తెలుగు పత్రికల్లో 'పరారీ' దానికి సమానార్థకం. గడువు పూర్తిచేయకుండా మానేసిన ఉద్యోగిని కూడా కారిడార్‌లో 'అబ్‌స్కాండ్ అయ్యాడు' అంటారు. పైవారు చేసిన పనికి మెత్తని మాట, కిందివారు చేసిన పనికి నేరవాచకం దొరికాయి. ఒకే చోట కనిపించే ఈ అర్థోత్కర్ష, అర్థాపకర్షలు యాదృచ్ఛికం కావు. పదానికి అర్థాన్ని ఎవరు నిర్ణయిస్తున్నారో అవి చెబుతాయి.

'లేఆఫ్' విషయంలో అర్థభేదం హక్కుల వరకు వెళుతుంది. 2025 వరకు అమల్లో ఉన్న 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం ప్రకారం, లేఆఫ్ అంటే బొగ్గు, విద్యుత్తు, ముడిసరుకుల కొరత వంటి కారణాలతో, హాజరుపట్టీలో పేరున్న కార్మికుడికి యజమాని పని ఇవ్వలేకపోవడం. పేరు పట్టీలోనే ఉండేది. చట్టం నిర్దేశించిన అర్హతలున్నవారికి మూలవేతనం, కరువుభత్యాల మొత్తంలో 50 శాతం పరిహారంగా రావలసి ఉండేది. శాశ్వతంగా తొలగించడానికి ఆ చట్టంలో ఉన్న మాట వేరు, అది 'రిట్రెంచ్‌మెంట్'. దానికి ఒక నెల ముందస్తు నోటీసు లేదా ఆ నెల వేతనం, పూర్తయిన ప్రతి సంవత్సర సర్వీసుకు 15 రోజుల సగటు వేతనం వంటి షరతులుండేవి. 2020 నాటి పారిశ్రామిక సంబంధాల కోడ్ కూడా ఈ రెండు మాటలను విడివిడిగానే నిర్వచించింది.

కారిడార్ తెలుగులో 'లేఆఫ్' అంటే అమెరికా వ్యవహారాన్ని అనుసరించి శాశ్వతంగా ఉద్యోగం పోవడమే. అంతర్జాతీయ సంస్థల తొలగింపు వార్తలు 2022 చివరి నుంచి వరుసగా రావడంతో తెలుగు పత్రికల్లోనూ ఈ అర్థం బలపడింది. ఐటీ ఉద్యోగి చట్టం దృష్టిలో కార్మికుడా కాదా అన్నది న్యాయస్థానాలు తేల్చవలసిన వేరే చర్చ. భాషాపరంగా తేలేది ఒకటుంది. మిల్లు కార్మికుడికి తిరిగి పిలుపు వస్తుందన్న ఆశను మిగిల్చిన మాట, సాఫ్ట్‌వేర్ ఉద్యోగి విషయంలో ఆ ఆశను తొలగించి, దానికి బదులుగా చెప్పవలసిన రెండో చట్టపదాన్ని వాడుక నుంచే తప్పించింది. పేరు తెలియని హక్కును అడగడం కష్టం.

పత్రికలు ఇదే సందర్భంలో వాడే 'ఉద్వాసన' కూడా మృదూక్తే. పూజానంతరం దేవతను సాగనంపే క్రియకు పేరైన ఆ మాట ఉద్యోగులను పంపివేయడానికి వాడుకయింది. దేశీయపదం వాడినంత మాత్రాన భాష పారదర్శకం కాదనడానికి ఇదొక హెచ్చరిక.

7. 'రోజు' ఎవరిది?

కారిడార్ పదాల్లో కాలవాచకాలు వేరుగా చూడదగినవి. 'ఈవోడీ లోపు పంపండి' అన్నప్పుడు ఆ పొట్టిమాట సూచించే 'రోజు ముగింపు' ఏ రోజుది? క్లయింటు న్యూయార్క్‌లో ఉంటే భారత కాలమానానికీ అక్కడి కాలమానానికీ శీతాకాలంలో పదిన్నర గంటలు, వేసవిలో తొమ్మిదిన్నర గంటలు తేడా. అక్కడి సాయంత్రం ఐదు ఇక్కడి మరునాటి తెల్లవారుజాము. రోజు అనే మాట సూర్యుణ్ణి వదిలి క్లయింటును అనుసరించింది.

'కాల్' దీనికి తోడు. 'ఫోన్‌లో ఉన్నాను' అనడానికీ 'కాల్‌లో ఉన్నాను' అనడానికీ ఇంట్లోవారు వెంటనే తేడా గుర్తిస్తారు. మొదటిదాన్ని మధ్యలో ఆపమనవచ్చు, రెండోదాన్ని ఆపకూడదు. ఆంగ్లంలో రెంటికీ అంత దూరం లేదు. అర్థసంకోచం వల్ల 'కాల్' ఆఫీసు సమావేశానికి పరిమితమై, ఇంటి లోపల ఆఫీసు హద్దుగీతను గీసే మాటగా మారింది.

8. నిఘంటువుల మౌనం – ఒక ప్రతిపాదన:

ఈ అర్థాలు ఎక్కడా నమోదు కాకపోవడానికి కారణాలున్నాయి. శ్రీ సూర్యరాయాంధ్ర నిఘంటువు వంటి మహానిఘంటువులు ప్రధానంగా కావ్యప్రయోగాలను ఆధారం చేసుకున్నాయి. అంతర్జాలం, సంగణకం వంటి కొత్త పదాలు కల్పించినవారు వస్తువులకు పేర్లు పెట్టారు, పనిసంబంధాలకు పెట్టలేదు. 'బెంచ్'ను అనువదించే ప్రయత్నం కంటే ముందు దాని అర్థాన్ని నిర్ణయించే ప్రయత్నం జరగాలి. పత్రికలు ఆంగ్లపదాన్ని తెలుగు లిపిలో రాసి ఊరుకున్నాయి. లిప్యంతరీకరణ అర్థవివరణ కాజాలదు.

మార్గం తెలుగు నిఘంటుసంప్రదాయంలోనే ఉంది. వ్యవహారంలోని అన్యదేశ్యాలకు ప్రత్యేక నిఘంటువు అవసరమని సి.పి.బ్రౌన్ గుర్తించి 1854లో మిశ్రభాషా నిఘంటువును ప్రచురించాడు. కచేరీల్లో చెలామణి అయ్యే మాటలు తెలియకపోతే రైతుకూ అధికారికీ మధ్య వ్యవహారం నడవదన్నది దాని వెనుక ఉన్న అవసరం. శతాబ్దం తరువాత ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ మాండలిక వృత్తిపదకోశాలను చేపట్టింది. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వ్యవసాయపదాల సంపుటం, 1971లో చేనేతపదాల సంపుటం వెలువడ్డాయి. పుస్తకాల నుంచి కాక వృత్తిదారుల నోటి నుంచి పదాలను సేకరించడం వాటి విశిష్టత. ఆ భాషాశాస్త్రవేత్తే 1986 నుంచి 1993 వరకు ఉపాధ్యక్షుడుగా ఉన్న హైదరాబాద్ విశ్వవిద్యాలయం ఈనాడు ఐటీ కారిడార్ నడుమనే, గచ్చిబౌలిలో ఉంది. క్షేత్రం ప్రాంగణం గోడను ఆనుకొనే ఉంది.

సాఫ్ట్‌వేర్ కూడా ఒక వృత్తే. నాగలి భాగాలకు పదకోశం ఉండగా బెంచ్‌కు ఉండకూడదనడానికి శాస్త్రీయ కారణం లేదు. ఆంగ్లమూలం గల పదాలు వృత్తిపదాలు కావన్న అభ్యంతరం చెల్లదు. వాటి అర్థం ఆంగ్లనిఘంటువులో దొరకదని పై ఉదాహరణలు చూపాయి. ఇలాంటి పదకోశంలో ఆరోపం ఎలా ఉండాలో ఒక నమూనా:

బెంచ్ – నామవాచకం, హలంతం. అర్థం: ఉద్యోగి సంస్థలో ఉంటూ ప్రాజెక్టు కేటాయింపు లేని స్థితి. విభక్తులు, క్రియలు: బెంచ్‌లో ఉండు, బెంచ్ మీద ఉండు, బెంచ్‌కు వచ్చు. జంటరూపం: బెంచి, అర్థం వేరు. వ్యవహర్తలు: సహోద్యోగుల మధ్య సాధారణం, కుటుంబంతో మాట్లాడేటప్పుడు వివరణ అవసరం. ఫలితం: జీతం కొనసాగినా ఉద్యోగభద్రత తగ్గుతుంది. ప్రాంతభేదం: అమెరికాలోని తెలుగు ఉద్యోగుల మధ్య రెండు ఒప్పందాల నడుమ ఖాళీకాలం. హెచ్-1బి నిబంధనల ప్రకారం యజమాని పని చూపలేని ఆ కాలానికీ వేతనం చెల్లించాలి. చూడు: రిసోర్స్, రిలీజ్.

ఈ ఆరోపంలో 'వ్యవహర్తలు', 'ఫలితం' అనే రెండు భాగాలు పాత పదకోశాలకు చేర్పులు. నాగలి భాగం పేరు తెలియనివాడు నాగలిని చూసి తెలుసుకోవచ్చు. నోటీస్, బాండ్, లేఆఫ్ చూసి తెలుసుకోగల వస్తువులు కావు. వాటి ఫలితం చెప్పకుండా అర్థం పూర్తి కాదు.

9. ముగింపు:

పై పరిశీలన నుంచి తేలే అంశాలివి. కారిడార్‌లోని నిత్యవ్యవహార ఆంగ్లపదాలు అర్థసంకోచం, అర్థవ్యాకోచం, లక్షణ, మృదూక్తి అనే పరిచిత మార్గాల్లోనే మారుతున్నాయి. వాటిలో కొన్ని పాత అరువులతో జంటలుగా ఏర్పడి అర్థాన్ని పంచుకున్నాయి. తెలుగు సంఖ్యావాచకాలు, లింగవచనాలు, సహాయక్రియలు ఆంగ్లపదం మరుగుపరిచిన మనిషినీ కర్తనూ గుర్తించే సాధనాలుగా ఉపకరిస్తాయి. ఈ అర్థాల్లో కొన్ని ఉద్యోగి జీతం, గడువు, హక్కులతో నేరుగా ముడిపడినవి.

కాబట్టి సైబరాబాద్ తెలుగు విషయంలో విమర్శకుడు అడగవలసిన ప్రశ్న ఆంగ్లం ఎంత కలిసిందని కాదు. 'రెండు రిసోర్సులు' అన్న వాక్యాన్ని 'ఇద్దరు ఉద్యోగులు' అని దిద్దడం భాషాశుద్ధి కోసం కాదు, లెక్కలో ఉన్నది మనుషులని చెప్పడం కోసం. ఆ దిద్దుబాటుకు కావలసిన వ్యాకరణం తెలుగులో సిద్ధంగా ఉంది. కావలసిన పదకోశాన్ని ఇంకా తయారు చేసుకోవలసి ఉంది.